అమ్మ కొంగు ముడిలో ఏముంది? అమ్మాబిడ్డల బొమ్మల పుస్తకం ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలా

మా చిన్నదానికి మూడేళ్లున్నప్పుడు అమ్మ మీద ఏదైనా బొమ్మల పుస్తకం కొందామని నల్లగొండలో రెండు మూడు షాపులు తిరిగాను. దొరికినవాటిలో అమ్మ అంటే ఏప్రన్ కట్టుకుని కేకు చేసే ఆవిడ, లేదంటే ఓ కుందేలు, లేదంటే ఎలుగుబంటి. అవి చెడ్డ పుస్తకాలేం కావు, మా పిల్ల కుందేలును తెగ ముద్దు చేసింది కూడా. కానీ పొద్దుగూకాక చేను నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకముందే పిల్లను సంకనేసుకునే మా వైపు అమ్మ ఒక్కదాంట్లోనూ కనపడలేదు. సరే మనమే చేద్దాం అని మొదలుపెడితే ఎనిమిది నెలలు పట్టింది, అందులో సగం నా తప్పులు దిద్దుకోవడానికే పోయింది. ఆ తప్పులు మీరు మళ్లీ చేయకూడదనే ఇదంతా రాస్తున్నా. బొమ్మలేయడం రాకపోయినా భయపడకండి. నాకూ రాదు, మా మరిది వేశాడు.

మొదటి మెట్టు: ఎవరికి చదువుతారో తేల్చుకోండి

రెండేళ్లలోపు పిల్లలకైతే ఎనిమిది దళసరి అట్ట పేజీలు, పేజీకి ఒక మాట చాలు. వాళ్లు పుస్తకాన్ని సగం చదువుతారు, సగం తింటారు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు 16 పేజీలు, మొత్తం మీద ఓ 100, 150 మాటలు. మార్కెట్లో దొరికే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి, ఎందుకంటే ప్రెస్సులో పెద్ద షీటు మడతపెడితే పేజీలు 8, 16 లెక్కన వస్తాయి. మనకు అంత అక్కర్లేదు, మొదటి పుస్తకానికి 16 అంటేనే బోలెడు.

రాయడానికి ముందు కనీసం పది పిల్లల పుస్తకాలు చదవండి. డబ్బు పెట్టక్కర్లేదు, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. కథ కోసం కాకుండా, ఒక్కో పేజీలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టడం కోసం చదవండి.

రెండో మెట్టు: ప్రేమ అనే మాట పక్కన పెట్టి ఒక వస్తువును పట్టుకోండి

నా మొదటి కథ "అమ్మ ప్రేమ ఆకాశమంత, అమ్మ మనసు చెరువంత" అని మొదలైంది. రాసుకున్నప్పుడు నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. చదివి వినిపిస్తే మా పిల్ల రెండో వాక్యానికే గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది. దానిది తప్పు కాదు. ఆకాశమంత ప్రేమను మూడేళ్ల పిల్ల చేత్తో పట్టుకోలేదు కదా.

అందుకే అమ్మకూ బిడ్డకూ నడుమ నిజంగా చేతులు మారే వస్తువో, రోజూ జరిగే పనో ఒకటి వెతకండి. మన వైపు వాటికి కొదవ లేదు. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత, ఇంటి దూలానికి చీరతో కట్టిన తొట్టెల, సద్ది గిన్నె, అరుగు మీద కూర్చోబెట్టి పేన్లు చూడడం, జొన్న రొట్టె కొడుతుంటే పక్కన పిల్లకోసం అరచేతంత చిన్న రొట్టె. పాలమూరు వైపు ఇళ్లలో ఆ చిన్న రొట్టె కోసం జరిగే గొడవ మీదే ఓ పుస్తకం రాయొచ్చు.

నేను పట్టుకున్నది కొంగు చివర ముడి. పత్తి ఏరబోయిన అమ్మ సాయంత్రం వచ్చేటప్పుడు కొంగు చివర ఏదో ఒకటి కట్టుకుని తెస్తుంది. బఠానీలో, రేగుపండ్లో. మా తల్లిగారింటి దగ్గర ఇది ఇప్పటికీ ఉంది. పిల్ల ఎదురెళ్లి మొహం కూడా చూడకుండా ముడి విప్పుతుంది. పుస్తకానికి "కొంగుముడి" అని పేరు పెట్టబోతే మా మరిది నవ్వాడు, "వదినా, అది పెళ్లి పుస్తకం అనుకుంటరు" అని. దాంతో "ముడిలో ఏముంది?" అయింది.

వస్తువు దొరికాక దాన్ని ఒకటే అడగండి: దీంతో బిడ్డ ఏం చేయగలదు? అమ్మ ఇస్తూనే ఉండి బిడ్డ తీసుకుంటూనే ఉంటే అది కథ కాదు, మదర్స్ డే పోస్టరు. ఎక్కడో ఒకచోట బిడ్డ కూడా ఇవ్వాలి. అది ఎంత చిన్నదైనా, ఎంత పనికిరానిదైనా సరే.

మూడో మెట్టు: కథను పేజీల మీద పరచండి

అందరూ తొందరపడి దాటేసేది ఇక్కడే, నా దృష్టిలో అసలు పని కూడా ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

నాలుగు ఏ4 కాగితాలు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. 16 పేజీల చిన్న పుస్తకం వస్తుంది. పెన్సిల్‌తో నంబర్లేయండి. కుడి పక్కన ఎప్పుడూ బేసి సంఖ్యలు, ఎడమ పక్కన సరి సంఖ్యలు వస్తాయి. పిల్ల పేజీ తిప్పేది కుడి పేజీ చూశాకే. అంటే ప్రశ్న కుడి పేజీలో ఉండాలి, జవాబు తిప్పాక ఎడమ పేజీలో కనపడాలి. రెండూ ఎదురెదురుగా పెట్టారో, పిల్ల కన్ను ముందు జవాబు మీదికే పోతుంది, ఇక మీరు ఎంత గొంతు మార్చి చదివినా లాభం లేదు.

మా పుస్తకం ఇలా కుదిరింది. 1వ పేజీ పేరు. 2వ పేజీలో తెల్లారగట్ల అమ్మ పోతున్న బొమ్మ, కింద చిన్న అక్షరాల్లో మా పేర్లు. 3లో "పొద్దుగూకింది. అమ్మ వచ్చింది. ముడిలో ఏముంది?" తిప్పితే 4లో "బఠానీలు!" 5లో మళ్లీ అదే ప్రశ్న, 6లో "రేగుపండ్లు!" 7లో మళ్లీ అదే ప్రశ్న. ఈసారి తిప్పితే 8, 9 పేజీలు కలిపి ఒకే పెద్ద బొమ్మ, ఒక్క మాట కూడా లేదు. విప్పిన కొంగు, అందులో ఏమీ లేదు. 10లో రాత్రి, అమ్మ నిద్రపోతోంది. 11లో మా కథలో పిల్ల చిట్టి నిద్రపోలేదు, అమ్మ కొంగు పట్టుకుని ఏదో చేస్తోంది. 12లో అమ్మ చేనుకు పోతోంది. 13లో మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్ది విప్పబోతూ కొంగు చూసుకుంటుంది, "ముడిలో ఏముంది?" తిప్పితే 14, 15 పేజీల్లో సగం కొరికిన బిస్కెట్టు. 16లో మాటల్లేవు, ఇద్దరూ ఇంటికి నడిచిపోతుంటారు, వెనక నుంచి.

ఖాళీ ముడి సరిగ్గా 8, 9 పేజీల్లోనే ఎందుకు పెట్టామంటే, మడతపెట్టిన కాగితాల్లో నడిమి కాగితం ఒక్కటే విడిపోకుండా ఒకే ముక్కగా పరుచుకుంటుంది. మిగతా జంట పేజీలన్నీ రెండు వేర్వేరు కాగితాల మీద పడతాయి, బొమ్మ ఈ పక్క ఓ వెంట్రుకంత పైకి, ఆ పక్క కిందికి రావచ్చు. కాబట్టి పుస్తకంలో మీకు ప్రాణమైన పెద్ద బొమ్మను నడిమి కాగితానికే ఇవ్వండి.

ముడి ఆరోజు ఎందుకు ఖాళీగా ఉందో మాటల్లో రాయలేదు. మొదట రాశాను, "వాన పడింది, పని దొరకలేదు, కూలి రాలేదు" అని మూడు వాక్యాలు. తర్వాత కొట్టేశాను. 7వ పేజీ బొమ్మలో తడిసిన అమ్మ, వెనక నల్ల మబ్బు, చేలో తడిసి వేలాడే పత్తి ఉన్నాయి, అది చాలు. బొమ్మ చెప్పగలిగింది మాట మళ్లీ చెప్పకూడదు. రాసుకున్న ప్రతి వాక్యం దగ్గరా ఇది బొమ్మలో కనపడుతుందా అని అడుగుతూ పోతే సగం వాక్యాలు వాటంతటవే రాలిపోతాయి.

భాష సంగతి. మా ఇంట్లో "అమ్మ వస్తది, తెస్తది" అంటాం, బడి పుస్తకంలో "వస్తుంది, తెస్తుంది" ఉంటుంది. నేను కథ చెప్పే వాక్యాలు మామూలు తెలుగులో ఉంచి, చిట్టి మాట్లాడే మాటలు ఇంటి మాటలోనే పెట్టాను. "ఏం తెచ్చినవే అమ్మా" అన్న దగ్గర పిల్లలు కిసుక్కున నవ్వుతారు, పుస్తకం తమలాగా మాట్లాడుతుందా అన్నట్టు. ఒక చిక్కు మాత్రం ఉంది. "అవ్వ" అంటే కొన్ని ఇళ్లలో అమ్మ, కొన్ని ఇళ్లలో నాయనమ్మ. ఈ మాట వాడితే బొమ్మలో వయసు తేలిపోయేలా చూసుకోండి.

నాలుగో మెట్టు: బొమ్మలు

మీ కళ్లెత్తు నుంచి వేయకండి, పిల్ల కళ్లెత్తు నుంచి వేయండి. మూడేళ్ల పిల్ల సుమారు 95 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే అమ్మ నడుము దాకా. అమ్మ వాకిట్లోకి వస్తే పిల్లకు ముందు కనపడేది మొహం కాదు, బురద కాళ్లు, కుచ్చిళ్లు, కొంగు చివర ఊగుతున్న ముడి. మా పుస్తకంలో 3వ పేజీలో అమ్మ మొహమే లేదు, నడుము దాకానే ఉంది. 4లో ముడి విప్పాక అమ్మ వంగితే అప్పుడు మొహం వస్తుంది.

కొలతల్లో అందరూ చేసే తప్పు, పిల్లను చిన్న సైజు పెద్దమనిషిలా వేయడం. పెద్దవాళ్ల ఎత్తు వాళ్ల తలకు ఏడు, ఏడున్నర రెట్లుంటే మూడేళ్ల పిల్లది అయిదు రెట్లే. తల పెద్దగా, కాళ్లు పొట్టిగా వేస్తే తప్ప పిల్లలా అనిపించదు. వేరే కాగితం మీద అమ్మనూ పిల్లనూ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి వేసుకుని చీర రంగు, జడ, గాజులు ఖాయం చేసుకుని గోడకు అంటించుకోండి. లేకపోతే 4వ పేజీలో ఉన్న ముక్కుపుడక 12వ పేజీలో మాయమవుతుంది, పెద్దవాళ్లు చూడరు గానీ పిల్లలు పట్టేస్తారు.

వేసేది మన ఊరి అమ్మనైతే వెళ్లి చూసి వేయండి. మా మరిది మొదట పత్తి చేలో అమ్మకు పైట గాలికి ఎగురుతున్నట్టు వేశాడు, సినిమా పాటలోలాగా. పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా వేసుకుంటారు, తలకు తువ్వాల చుడతారు, ఏరిన పత్తి వేసుకోవడానికి నడుముకు ఒడి కడతారు. కొంగు గాలికి ఎగరదు, నడుము దగ్గర చెక్కి ఉంటుంది. అంటే మా ముడి కూడా చొక్కా కింద నుంచి కాస్త బయటికి కనపడాలి. ఆ ఒక్కటి దిద్దడానికి మూడు బొమ్మలు మళ్లీ వేయాల్సొచ్చింది. ఇంకోటి, ఒక పేజీలో ముడిలో నుంచి సీతాఫలం తీయించాం, పాలమూరు బాలానగర్ సీతాఫలం అంటే పేరున్నది కదా అని. చదివి వినిపిస్తుంటే ఓ పిల్లగాడు "గంత పెద్దది ముడిల ఎట్ల పడ్తది?" అన్నాడు. నిజమే. తీసేశాం.

రంగులకు పోస్టర్ కలర్, మందపు కార్ట్రిడ్జ్ షీటు చాలు. చేత కాకపోతే బట్ట ముక్కలు కత్తిరించి అంటించండి. పాత పోచంపల్లి చీర ముక్క గానీ, నారాయణపేట చీర అంచు గానీ అంటిస్తే అమ్మ చీర గీయాల్సిన పనే ఉండదు, పైగా పిల్లలు పేజీ తడిమి చూస్తారు. ఏఐతో బొమ్మలు చేయించి కూడా చూశాను. ముచ్చటగానే వచ్చాయి గానీ పేజీకో కొత్త అమ్మ వచ్చింది, కొంగు ఒకసారి ఎడమ భుజం మీద, ఒకసారి కుడి మీద. అమ్మ మీద పుస్తకంలో అమ్మే మారిపోతుంటే ఎట్లా? వదిలేశాను.

బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి ప్రింటుకివ్వకండి, మూలలు వంకర పోతాయి. స్కాన్ చేయించండి, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన. ఏ5 (ఏ4లో సగం) పేజీ పూర్తిగా నిండే బొమ్మకు సుమారు 1750 × 2480 పిక్సెళ్లు కావాలి, రెండు పేజీల బొమ్మకైతే 3508 × 2480. బొమ్మ నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వేయండి, కటింగ్‌లో అంత పోతుంది. ఫోన్‌లో మెరిసే చిలకాకుపచ్చ, నారింజ కాగితం మీద కాస్త చప్పబడతాయి, అందుకు మనసు సిద్ధం చేసుకోండి.

అయిదో మెట్టు: అక్షరాలు

యూనికోడ్‌లోనే టైపు చేయండి, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే పద్ధతిలో. చాలా డీటీపీ షాపుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే వాడుతున్నారు. ఆ ఫైలు తెచ్చి ఫోన్‌లోనో సైట్‌లోనో పెడితే అక్షరాల బదులు పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి. నేను లోపలికి మండలి, అట్ట మీద పేరుకు సురవరం వాడాను. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద పెట్టిన ఫాంటు అది, ఆయన మన పాలమూరు మనిషే కాబట్టి కాస్త స్వాభిమానం కూడా అనుకోండి.

సైజు 22, 24 పాయింట్లకు తగ్గొద్దు. వరుసల మధ్య ఎడం బాగా ఇవ్వండి, మనకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు, పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. మాటను సగంలో విరిచి కింది వరుసకు పంపొద్దు. ఊపిరి ఎక్కడ ఆగుతుందో వరుస అక్కడ ఆపండి.

ఆరో మెట్టు: ప్రింటుకు ముందు పిల్లలకు చదవండి

నల్లదీ తెల్లదీ జిరాక్సు తీసి, పిన్ను కొట్టి, ఓ అయిదారుగురు పిల్లల్ని కూర్చోబెట్టి చదవండి. "బాగుందా?" అని అడక్కండి, బాగుందనే అంటారు. వాళ్ల చేతులు చూడండి. మీరు చదవడం పూర్తికాకముందే పేజీ తిప్పబోతే అక్కడ మాటలెక్కువయ్యాయి. వేలు పెట్టి బొమ్మలో ఏదో చూపిస్తే ఆ పేజీ పండింది. మూడోసారి చదివేటప్పటికి "ముడిలో ఏముంది?" వాళ్లే అరుస్తున్నారంటే ఇక మీరు ఆ వాక్యం ముట్టుకోవద్దు.

దేవరకొండ వైపు ఓ ఊళ్లో చదివినప్పుడు వెనక కూర్చున్న పిల్ల అస్సలు నవ్వలేదు. అయ్యాక దగ్గరికొచ్చి "మా అమ్మ ఫోన్ల ఉంటది" అంది. అమ్మానాయనలు పుణెలో పనికి పోయారు, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంది. పాలమూరు వలసల గురించి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన నాకు, రోజూ సాయంత్రం ఇంటికొచ్చే అమ్మనే రాశానే అన్నది అప్పటిదాకా తట్టలేదు. కథ మార్చలేదు గానీ 10వ పేజీలో ఓ మూల అమ్మమ్మను కూడా పడుకోబెట్టాం. 5వ పేజీ గోడ మీద ఓ చిన్న ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది. దాని గురించి మాటల్లో ఏమీ లేదు. చూసే పిల్లలు చూస్తారు.

ఏడో మెట్టు: ప్రింటు, కుట్టు

పాతిక, యాభై కాపీలకు డిజిటల్ ప్రింటు. అయిదు వందలు దాటితేనే ఆఫ్‌సెట్, అంటే ప్లేట్లు చేసి వేసే పెద్ద ప్రెస్సు ప్రింటు, గిట్టుబాటు. లోపలికి 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), అట్టకు 250 లేదా 300 జీఎస్ఎం కాగితం అడగండి, అట్టకు మ్యాట్ లామినేషన్ వేయించండి. ఒక్క కాపీ ముందుగా తీయించి చేత్తో పట్టుకుని చూశాకే మిగతావి వేయమనండి. నేను ఆ ఒక్క పని చేయలేదు. 14, 15 పేజీల్లో బిస్కెట్టు చూసి నవ్వే అమ్మ మొహం సరిగ్గా మడతలో పడి, ముక్కు సగం లోపలికి పోయి, ఒక కన్ను ఇంకో కన్ను కంటే పైకొచ్చింది. యాభై కాపీలూ అంతే. ప్రెస్సాయన "ఫైలు అట్లనే ఉందమ్మా" అన్నాడు, నిజానికి అట్లనే ఉంది. మొహాలు, చేతులు, అక్షరాలు మడతకు కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల దూరం ఉంచండి.

పిన్నుల బదులు దారంతో కుట్టుకుంటే చిన్నపిల్లలకు భయం ఉండదు. మడత మీద మూడు రంధ్రాలు పెట్టండి, నడిమిన ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. సూదిని పుస్తకం లోపలి నుంచి నడిమి రంధ్రంలో బయటికి తీయండి, దారం కొస లోపల ఓ జానెడు వదలండి. బయట నుంచి పై రంధ్రంలో లోపలికి దింపండి. లోపల నడిమి రంధ్రాన్ని దాటేసి కింది రంధ్రంలో బయటికి తీయండి. మళ్లీ నడిమి రంధ్రంలో లోపలికి దింపి, అక్కడున్న పొడుగు దారం రెండు కొసల మధ్యకు వచ్చేలా చూసి ముడేయండి. మందపు నూలు దారానికి కాస్త మైనం రాస్తే జారదు. కాపీకి అయిదు నిమిషాలు పడుతుంది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఇస్తుంది, కానీ అమ్మే ఆలోచన లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. బొమ్మలేసినవాళ్ల పేరు మాత్రం మీ పేరు పక్కనే, అదే సైజులో వేయండి. మరిది అయినా సరే.

ఎనిమిదో మెట్టు: అమ్మ దూరంగా ఉంటే

ఆ ఫోన్ల అమ్మ పిల్ల వల్ల నేర్చుకున్నది ఇది. పేజీలన్నీ ఫొటోలు తీసి, వరుస తప్పకుండా, నంబర్లతో సహా వాట్సాప్‌లో ఆ తల్లికి పంపించాం. ఆమెకు చదువు రాదు. కానీ కథలో మళ్లీ మళ్లీ వచ్చే వాక్యం ఒక్కటే కాబట్టి ఒకసారి వింటే వచ్చేసింది. రాత్రి వీడియో కాల్‌లో ఆమె అటు నుంచి "ముడిలో ఏముంది?" అంటుంది, పిల్ల ఇటు పేజీ తిప్పి చెప్తుంది. మీరూ చేసేటట్టయితే ఒక జాగ్రత్త: నెట్‌వర్క్‌కు మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, జవాబు రాలేదని ఆమె మళ్లీ అడిగేస్తుంది, ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అడిగాక మనసులో మూడు దాకా లెక్కపెట్టమని తల్లికి ముందే చెప్పండి.